దానియేలు 70 వారాలు: 445 నుంచా, 457 నుంచా? ఏడేళ్ల శ్రమలు ఎక్కడివి?

గాజువాక యూత్

అందరికీ వందనాలు. మా యువజన కూటానికి వచ్చే రెండు ఆదివారాలు దానియేలు 9:24-27 (యెరూషలేమును మరల కట్టించమన్న ఆజ్ఞ నుంచి అభిషిక్తుడి వరకు లెక్కపెట్టే డెబ్బై వారాల ప్రవచనం), మత్తయి 24 (ఆలయ నాశనం, రాకడ గురించి యేసు చెప్పినది) చెప్పాలి. రోజుకి గంట చొప్పున మొత్తం రెండు గంటలే. వచ్చేది పాతికమంది. ఎక్కువ బాప్టిస్టులు, కొందరు బ్రదరెన్ వాళ్లు, లూథరన్ కుటుంబం నుంచి ఒకమ్మాయి, అడ్వెంటిస్టు కుర్రాడొకడు.

గోడ మీది చార్టు క్రీ.పూ. 445 దగ్గర మొదలై క్రీ.శ. 32లో సిలువ చూపిస్తుంది. తర్వాత పెద్ద ఖాళీ, ఆపైన అంత్యదినాల్లో ఏడేళ్ల శ్రమలు. అడ్వెంటిస్టు కుర్రాడు 457 నుంచి లెక్కేస్తే యేసు బాప్తిస్మానికి సరిగ్గా వస్తుందంటున్నాడు, వేసి చూస్తే వస్తోంది కూడా. లూథరన్ అమ్మాయి మాత్రం ప్రకటన గ్రంథంలో "ఏడేళ్లు" అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటోంది. రెండు లెక్కలూ ఎలా కుదురుతాయి? ఆ ఏడేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎవరు కరెక్టో తేల్చమని అడగడం లేదు. ఎవరి లెక్క ఏ మేకు మీద వేలాడుతోందో తెలిస్తే చాలు.

బెరయ

బ్రదర్, కాగితం, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. కూడికలో ఎవరూ పెద్దగా తప్పడం లేదు. తేడా అంతా కూడిక మొదలెట్టకముందు చేసుకున్న నిర్ణయాల్లో ఉంది.

ముందు "వారము" అన్న మాట. మనం వారం అనగానే ఆదివారం నుంచి శనివారం అనుకుంటాం. హీబ్రూలో ఉన్నది "ఏడుల గుంపు" అనే అర్థమిచ్చే మాట. దానియేలు 9:2లో యిర్మీయా చెప్పిన డెబ్బై సంవత్సరాల గురించి ఆలోచిస్తూ ప్రార్థన మొదలుపెడతాడు కాబట్టి, ఇక్కడ ఏడు సంవత్సరాల గుంపులనే దాదాపు అందరూ ఒప్పుకుంటారు. లేవీయకాండము 25:8లో ఏడు ఏళ్ల ఏడు గుంపులు 49 అని లెక్కపెట్టిన పద్ధతే ఇది. 70 × 7 = 490. ఇంతవరకూ గొడవ లేదు.

మొదటి మేకు: ఏ ఆజ్ఞ? యెరూషలేమును మరల కట్టించమన్న ఆజ్ఞ అని వచనం. వరసలో ఉన్నవి నాలుగు. కోరెషు ఆజ్ఞ, క్రీ.పూ. 538, ఎజ్రా 1. దర్యావేషుది, దాదాపు 520, ఎజ్రా 6. అర్తహషస్త ఏడో ఏట ఎజ్రాకిచ్చిన పత్రం, 458 లేదా 457, ఎజ్రా 7. అదే రాజు ఇరవయ్యో ఏట నెహెమ్యాకిచ్చిన అనుమతి, 445 లేదా 444, నెహెమ్యా 2. పట్టణం, గోడలు అని విడమరిచి చెప్పింది నెహెమ్యా దగ్గరే, 445 పక్షానికి బలం అది. ఎజ్రా 7 పత్రంలో ఉన్నది ఆలయం ఖర్చులు, న్యాయాధిపతుల నియామకం. గోడ మాట లేదు. 457 వాళ్లు ఎజ్రా 4:12 చూపించి ఆ రోజుల్లోనే గోడలు లేపుతున్నారు చూడండి అంటారు. కోరెషు సంగతి తీసెయ్యడానికి లేదు. యెషయా 44:28లో యెరూషలేము కట్టబడుతుందని చెప్పేవాడు అతడే.

రెండో మేకు: ఏడాదికి ఎన్ని రోజులు? 69 వారాలంటే 483 ఏళ్లు. మామూలు ఏళ్లతో 445 నుంచి వెళ్తే క్రీ.శ. 39లో తేలతారు. అంటే సిలువ దాటిపోయింది. అందుకే రాబర్ట్ ఆండర్సన్ అనే రచయిత 19వ శతాబ్దం చివర్లో 360 రోజుల ఏడాది తెచ్చాడు. ప్రకటనలో 42 నెలలు, 1260 దినాలు ఒకటే కాబట్టి నెలకి 30. ఆదికాండము 7, 8 అధ్యాయాల్లో ఐదు నెలలకి 150 దినాలు. 483 × 360 = 1,73,880 రోజులు. క్రీ.పూ. 445 మార్చి 14 నుంచి క్రీ.శ. 32 ఏప్రిల్ 6, మట్టలాదివారం వరకు అని ఆయన లెక్క. మీ చార్టు మూలం ఇదే.

చిక్కులు మూడున్నాయి. నెహెమ్యా 2:1లో నీసాను నెల అనే ఉంది, తేదీ లేదు. ఒకటో తేదీ అన్నది ఆయన ఊహ. 476 ఏళ్లలో పాత రోమన్ క్యాలెండర్ ప్రకారం 119 లీపు రోజులుండాలి, ఆయన 116 వేశాడు. మూడు రోజులు జారాయి. అన్నిటికన్నా పెద్దది, క్రీ.శ. 32లో పస్కా శుక్రవారం దగ్గరికి రాదు. ఖగోళ లెక్కకి బాగా నిలబడేవి 30, 33. అందుకే తర్వాత హెరాల్డ్ హోనర్ అనే పండితుడు మొదలును 444కి జరిపి, ముగింపును 33కి తెచ్చాడు. పాత చార్టులకి ఈ సవరణ చేరలేదు.

అసలు యూదులు 360 రోజుల ఏడాదితో పండుగలు చేసుకోలేదు. మన పంచాంగంలాగే చాంద్రమాసాలు, 354 రోజులు, వెనకబడిన దాన్ని సరిచెయ్యడానికి 19 ఏళ్లలో ఏడుసార్లు అధికమాసం. ఉగాది ఏటా ఎందుకు వెనక్కీ ముందుకీ జరుగుతుందో తెలిసిన పిల్లలకి ఇది రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. 360 అన్నది ప్రవచన లెక్క కోసం తీసుకున్న కొలత అని వాళ్లకి చెప్పాలి, ఆ కాలపు క్యాలెండర్ అని కాదు.

ఇప్పుడు 457. ఇక్కడ మామూలు ఏళ్లే. 483 నుంచి 457 తీస్తే 26. సున్నా సంవత్సరం లేదు, క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1. అందుకని ఒకటి కలిపి 27. యేసు బాప్తిస్మం అంటారు. మూడున్నరేళ్లకి 31 వసంతంలో సిలువ, 490 పూర్తయ్యేసరికి 34. ఖాళీ అక్కర్లేదు, అది దీని అందం. బలహీనత లూకా 3:1లో ఉంది. తిబెరి కైసరు 15వ సంవత్సరమంటే, ఔగుస్తు చనిపోయిన క్రీ.శ. 14 నుంచి మామూలుగా లెక్కపెడితే 28 లేదా 29 అవుతుంది. 27 రావాలంటే తిబెరి ఔగుస్తుతో కలిసి అధికారం పంచుకున్న కాలం నుంచి మొదలెట్టాలి.

మూడో మేకు మన బైబిల్లోనే ఉంది, చాలామంది చూడరు. 9:25 పాత తెలుగు అనువాదంలో తీసి నెమ్మదిగా చదవండి. అభిషిక్తుడగు అధిపతి వచ్చేవరకు "ఏడు వారములు" అని అక్కడ వాక్యం ఆగిపోతుంది. అరవై రెండు వారాలు పట్టణం కట్టడానికి వెళ్తాయి. 7 + 62 కలిపి 69 అనే చార్టు ఈ విరామాన్ని దాటేస్తుంది. మాసోరెటిక్ (యూదు పండితులు కాపాడుతూ వచ్చిన) హీబ్రూ పాఠంలో విరామ గుర్తు ఏడు దగ్గరే ఉంది, కానీ ఆ గుర్తులు పెట్టింది చాలా శతాబ్దాల తర్వాత. తియొదోషన్ అనే అతని పాత గ్రీకు అనువాదం రెంటినీ కలిపి చదివింది. ఏడు దగ్గర ఆపితే మొదటి అభిషిక్తుడు కోరెషు కావచ్చు (యెషయా 45:1లో అతన్ని అలాగే పిలిచారు). 587 నుంచి 49 తీస్తే 538. అరవై రెండు వారాల తర్వాత నిర్మూలమయ్యేవాడు క్రీ.పూ. 171 ప్రాంతంలో చంపబడ్డ ప్రధాన యాజకుడు ఒనియా అని, బలులు ఆపించింది 167లో సిరియా నుంచి ఏలిన గ్రీకు రాజు ఆంటియొకస్ అని విశ్వవిద్యాలయాల్లో ఎక్కువమంది చెప్పే అర్థం. దీనికీ కాలు విరిగే చోటుంది. 538 నుంచి 434 ఏళ్లు వెళ్తే 104 వస్తుంది, 171 కాదు. అరవై ఏళ్లకి పైగా తేడా. 605 నుంచి మొదలెడితే కుదురుతుంది, కానీ అప్పుడు మొదటి ఏడు వారాలు, ఈ అరవై రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

సీతమ్మధార సిస్టర్

బెరయ గారు చార్టుని ఉతికి ఆరేశారు, బాగుంది. కానీ చార్టు గీసినవాళ్ల మాట కూడా పిల్లలకి పూర్తిగా చెప్పండి బ్రదర్. సగం చెప్పి కొట్టేస్తే బ్రదరెన్ పిల్లలు రెండో ఆదివారం రారు.

లూథరన్ అమ్మాయి అడిగింది న్యాయమే. ప్రకటనలో "ఏడేళ్ల శ్రమ" అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నవి 42 నెలలు (11:2, 13:5), 1260 దినాలు (11:3, 12:6), కాలము కాలములు అర్ధకాలము (12:14). ఏడు వచ్చేది దానియేలు 9:27 ఒక్కదాని నుంచే. ఆ చివరి వారాన్ని మిగతా 69 నుంచి విడదీసి భవిష్యత్తులో పెడితేనే ఏడేళ్లు దొరుకుతాయి. అందుకే ఖాళీ వాళ్లకి ప్రాణం. దానికి ఆధారాలు రెండు చెప్తారు. ఒకటి, 26వ వచనంలో అభిషిక్తుడు నిర్మూలం కావడం, పట్టణం నాశనం కావడం రెండూ 69 తర్వాత, 70వ వారం మాట రాకముందే ఉన్నాయి. మరి పట్టణం నాశనమైంది క్రీ.శ. 70లో కదా, అక్కడే నలభై ఏళ్ల ఖాళీ వచ్చేసింది. ఇది తేలిగ్గా తీసెయ్యగలిగిన వాదన కాదు. రెండోది, నజరేతులో యేసు యెషయా 61 చదువుతూ వాక్యం మధ్యలో, ప్రతిదండన దినం అన్నదానికి ముందే గ్రంథం చుట్టేశాడు (లూకా 4:18-20). ఒకే వాక్యంలో రెండు రాకడల మధ్య ఎడం ఉండొచ్చని దానికి రుజువుగా చూపిస్తారు.

27వ వచనంలో ఒక వారం నిబంధన స్థిరపరచి మధ్యలో బలులు ఆపించే "అతడు" ఎవరు అన్నది అసలు తగువు. ముందున్న "రాజు" అయితే క్రీస్తు విరోధి, ఒప్పందం చేసి మధ్యలో తెంపేస్తాడు. అభిషిక్తుడే అయితే క్రీస్తు, తన మరణంతో బలుల అవసరం లేకుండా చేశాడు. ఆ ఒక్క సర్వనామం చుట్టూ అరగంట నడపొచ్చు మీరు.

సంఘం శ్రమలకి ముందే ఎత్తబడుతుందనడానికి (అంటే విశ్వాసులు ప్రభువు దగ్గరికి తీసుకుపోబడతారనడానికి) ప్రకటన 3:10 ఎత్తుతారు. ఇక్కడ తెలుగుతో జాగ్రత్త. మన అనువాదంలో "శోధన కాలములో" కాపాడెదను అని ఉంది. గ్రీకులో ఉన్న మాట "లోనుంచి" అని. అదే క్రియ, అదే విభక్తి కలిసి వచ్చే మరో చోటు యోహాను 17:15. అక్కడ లోకం నుంచి తీసుకుపొమ్మని కాదు, దుష్టుని నుంచి కాపాడమని ప్రార్థన. కాబట్టి ఆ వచనం రెండు వైపులా కోస్తుంది. 4 నుంచి 21 అధ్యాయాల వరకు "సంఘము" అన్న మాట లేదన్న వాదన కూడా వినిపిస్తుంది. నిజమే, లేదు. "పరిశుద్ధులు" మాత్రం ఉన్నారు, 13:7లో మృగం చేతిలో ఓడిపోతూ.

రాస్ హిల్ మెట్లు

ఎత్తబడటం గురించి ఒక్కటే చెప్తాను. 1 థెస్సలొనీకయులకు 4:17, "ప్రభువును ఎదుర్కొనుటకు". గ్రీకులో ఇది "అపాంతేసిస్". కొత్త నిబంధనలో ఇంకో రెండు చోట్ల చూడండి. మత్తయి 25:6, పెండ్లికుమారుని ఎదుర్కొనడానికి కన్యకలు బయలుదేరడం. అపొస్తలుల కార్యములు 28:15, పౌలుని ఎదుర్కొనడానికి రోమా నుంచి సహోదరులు అప్పీయా సంతపేట దాకా రావడం. రెండిట్లోనూ ఎదురెళ్లినవాళ్లు వచ్చినవాడితో కలిసి అతని దారినే నడిచారు, వచ్చినవాణ్ణి వెనక్కి తిప్పి తీసుకుపోలేదు.

ఇది మన పెళ్లిళ్లలో ఎదుర్కోలు. మగపెళ్లివారు ఊరి పొలిమేరకో విడిది దగ్గరికో వస్తే ఆడపెళ్లివారు మేళతాళాలతో, పానకంతో ఎదురెళ్లి పెళ్లింటికి తీసుకొస్తారు. ఎదురెళ్లినవాళ్లు అటునుంచి అటే పెళ్లికొడుకుతో వాళ్లూరు వెళ్లిపోరు. వచనం ఒక్కదాన్నే పట్టుకుంటే, విశ్వాసులు మేఘాల్లోకి ఎదురెళ్లి రాజుతో పాటు దిగివస్తారన్న అర్థమే సులువుగా కుదురుతుంది. ఏడేళ్లు పైనుండి తర్వాత రావడం ఆ మాటలోంచి రాదు, ఇంకెక్కడి నుంచో తెచ్చి పెట్టాలి. అలాగని ఆ మాట ఒక్కటే ముందు ఎత్తబడటాన్ని కొట్టేస్తుందనీ కాదు. పైన ఎంతసేపు ఉంటారో పౌలు చెప్పలేదు.

చరిత్ర ఒక్క ముక్క. సంఘం శ్రమలకి ముందే రహస్యంగా ఎత్తబడుతుందన్న బోధ ఇప్పుడున్న రూపంలో వ్యాపించింది 1830ల్లో బ్రదరెన్ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ ద్వారా, 1909లో స్కోఫీల్డ్ పాదసూచికలతో అచ్చయిన బైబిలు ద్వారా. మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ మన విశాఖపట్నంలో దిగి తెలుగులోకి సువార్తలు మొదలుపెట్టింది 1805లో. ప్రిచెట్ చేసిన తెలుగు కొత్త నిబంధన అచ్చయింది 1818లో. అంటే తెలుగు కొత్త నిబంధన కన్నా ఈ చార్టే చిన్నది. కొత్తదైనంత మాత్రాన తప్పు అని కాదు. "ఆదినుంచీ అందరూ నమ్మింది ఇదే" అని మాత్రం క్లాసులో చెప్పకండి. లూథరన్ అమ్మాయి 1530 నాటి లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన ఔగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 17వ అంశం తీసి చూపిస్తే ఇబ్బంది పడతారు. పునరుత్థానానికి ముందు భూమ్మీద భక్తుల రాజ్యం వస్తుందన్న బోధను అది నేరుగా తోసిపుచ్చుతుంది.

పాత బైబిలు

మత్తయి 24కి సులువైన పని చెప్తాను. ఏ3 కాగితం అడ్డంగా పెట్టి మూడు నిలువు గళ్లలో మత్తయి 24, మార్కు 13, లూకా 21 ప్రింటు తీయండి. ఐదుగురికి ఒకటి చొప్పున ఐదు చాలు. రెండు రంగుల పెన్సిళ్లు. 24:3లో శిష్యులు అడిగింది ఒకటి కాదు, ఆలయం ఎప్పుడు పడుతుందని, రాకడకి యుగసమాప్తికి సూచనలేమిటని. మొదటిదానికి జవాబు అనిపించిన వచనాలకి ఎర్రగీత, రెండోదానికి నీలం. అయోమయం సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో పిల్లలే పట్టుకుంటారు.

మత్తయి 24:15లో "హేయవస్తువు" ఉన్న చోట లూకా 21:20లో యెరూషలేమును దండ్లు చుట్టుముట్టడం ఉంది. క్రీ.శ. 66లో రోమా సేనాని సెస్టియస్ గాలస్ పట్టణం దాకా వచ్చి అనూహ్యంగా వెనక్కి తగ్గాడు, 70లో తీతు పడగొట్టాడు. క్రైస్తవులు ముందే పెల్లా పట్టణానికి వెళ్లిపోయారని తొలి సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. అంతవరకు ఎర్రగీత బాగానే నడుస్తుంది. 24:29 దగ్గర "ఆ దినముల శ్రమ ముగిసిన వెంటనే" అని ఉంటుంది. ఆ "వెంటనే" దగ్గర పెన్సిలు ఆగిపోతుంది. ఆగనివ్వండి, మీరు తొందరపడి జవాబివ్వకండి.

24:34 "ఈ తరము"కి ఒక్కో పక్షం ఒక్కో అర్థం చెప్తుంది: అప్పుడు వింటున్నవాళ్లని, యూదు జాతి అని, చివరి సూచనలు చూసే తరం అని. సువార్తల్లో ఈ మాట మిగతా చోట్ల దాదాపు ప్రతిసారీ వింటున్నవాళ్లనే అంటుంది. మొదటిదానికి బలం అది. మూడోదాన్ని అంజూరపు చెట్టుతో ముడేసి, ఇశ్రాయేలు ఏర్పడిన 1948కి ఒక తరం నలభై ఏళ్లు కలిపి రాకడ 1988 అన్నారు. 1988 దాటిపోయింది. లూకా 21:29 చదివుంటే ఆ ముడి పడేదే కాదు, అక్కడ "అంజూరపు చెట్టును, సమస్త వృక్షములను" అని ఉంది. రాకడకి కొందరు పెట్టిన 1844 అక్టోబరు 22, 2011 మే 21 కూడా ఇలాగే దాటిపోయాయి. తేదీలు పెట్టేవాళ్ల పేర్లు చెప్పి నవ్వించకండి, క్లాసు పక్కదారి పడుతుంది. లెక్కలో ఎక్కడ ఊహ దూరిందో చూపిస్తే చాలు.

666 (ప్రకటన 13:18లో మృగం సంఖ్య) గురించి ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు. బార్‌కోడ్, ఆధార్, చిప్ అంటాడు. పది నిమిషాలు పక్కన పెట్టుకోండి. బోర్డు మీద "నెరోన్ కైసర్" హీబ్రూ అక్షరాల విలువలు రాయండి: నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, కోఫ్ 100, సమెఖ్ 60, రేష్ 200. కూడితే 666. చివరి నూన్ తీసి లాటిన్ పలుకుబడిలా "నెరో" అని రాస్తే 616. కొన్ని పాత చేతిరాతల్లో 616 అనే ఉంది, రెండో శతాబ్దంలోనే సంఘ నాయకుడు ఇరెనియస్ దాన్ని ఎరిగి తోసేశాడు. ఇది నీరోనే అని తేల్చేసిందని చెప్పొద్దు. ప్రకటన రాసింది దొమితియన్ చక్రవర్తి కాలంలో, అంటే నీరో పోయాక దాదాపు పాతికేళ్లకి అని అదే ఇరెనియస్ సాక్ష్యం. ముద్ర చేతిమీద, నొసటిమీద అనగానే ద్వితీయోపదేశకాండము 6:8 తీయించండి, తర్వాత ప్రకటన 14:1. గొర్రెపిల్లవాళ్ల నొసళ్లమీద కూడా పేరుంది. ఆ పేరుని చిప్ అని ఎవరూ అనరు కదా.

మొదటి గంటలో 9:25 మీదే ముప్పావు పోతుంది, తప్పదు. బోర్డు మీద నాలుగే నిలువు గళ్లు గీయండి: మొదలు, ఏడాదికి రోజులు, విరామం ఎక్కడ, "అతడు" ఎవరు. ప్రతి పక్షం తన గడి నింపుకోవాలి. వచనంలో ఉన్నది నల్ల మార్కర్‌తో, ఊహించి పెట్టింది ఎర్ర మార్కర్‌తో. ఎర్ర మార్కర్ ముందు అయిపోతుంది, రెండు తెచ్చుకోండి.

గాజువాక యూత్

అందరికీ చాలా థ్యాంక్స్. ఎదుర్కోలు దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్లూ ఆ మాట చదువుతూనే ఉన్నాం. 445, 457 రెండూ చేత్తో వేసి చూశాను, కుదిరాయి. బెరయ గారూ, ఒక్క డౌటు. 538 నుంచి 434 తీస్తే 104 అన్నారు. 457 దగ్గర ఒకటి కలిపారు కదా, ఇక్కడ కలపలేదేం?

బెరయ

రెండు కొసలూ క్రీ.పూ.లోనే ఉన్నాయి బ్రదర్, మధ్యలో గీత దాటలేదు. ఒకటి కలపడం క్రీ.పూ. నుంచి క్రీ.శ.లోకి దాటినప్పుడే. 587 నుంచి 538కీ అందుకే నేరుగా తీసివేతే. బోర్డు మీద క్రీ.పూ. 1, క్రీ.శ. 1 పక్కపక్కనే రాసి మధ్యలో ఒక గీత గీసి పెట్టుకోండి. పిల్లలు ఆ గీత దగ్గరే తప్పుతారు.